ప్రమాదంలేదుగారి ఇంటి సభ

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది గానీ, ఊళ్ళో దాన్ని వాడిన పాపాన పోయినవాడు లేడు. అందరికీ ఆయన ప్రమాదంలేదుగారే. ఉద్యోగం అలాంటిది మరి. అణు విద్యుత్ కేంద్రంలో వాడేసిన ఇంధనం కడ్డీలు ఉంటాయి. అవి కరెంటుకు పనికిరావు గానీ వాటిలోని రేడియేషన్ మాత్రం తరతరాలపాటు వదలదు. వాటిని మందపాటి ఉక్కు పీపాల్లో బిగించి, లారీల మీద ఊళ్ళు దాటించి, కొండ అవతల భూమి లోతున రాతిలో తొలిచిన సొరంగంలో పూడ్చిపెట్టాలని ఆయన పనిచేసే సంస్థ నిర్ణయించింది. పూడ్చేవాళ్ళు వేరే ఉన్నారు, లారీలు తోలేవాళ్ళు వేరే ఉన్నారు. దారి పొడుగునా ఉన్న జనానికి నచ్చజెప్పేవాడు మాత్రం ఈయనొక్కడే. ఎవరు ఏమడిగినా ఆయన జవాబు "ప్రమాదం ఏమీ లేదు" అని మొదలై, ఎన్నో మలుపులు తిరిగి, చివరికి ఆ మాట దగ్గరికే వచ్చి ఆగేది.

జనం ఆ పేరు పెట్టడంలో తప్పేమీ లేదు. ఇంట్లోనూ ఆయన వరస అదే. వంటింటి కప్పు కారినా ప్రమాదం లేదు, స్విచ్చులోంచి నిప్పురవ్వలు లేచినా ప్రమాదం లేదు, బీరువా కింద తేలు కనబడినా అది పిల్ల తేలు కాబట్టి అసలే ప్రమాదం లేదు. పోయినేడు తల్లికి గుండెల్లో పట్టేసినట్టుండి చెమటలు పోస్తే, "అరగలేదమ్మా, ప్రమాదమేమీ లేదు" అని సోడా తాగించి, పక్క ఊళ్ళో సభకు టైమవుతోందని వెళ్ళిపోయాడు. అక్కడ ఆయన జనానికి ధైర్యం చెబుతున్న సమయానికి ఇక్కడ భార్య అత్తగారిని ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తింది. గుండెకు రక్తం అందించే నాళం మూసుకుపోయిందనీ, ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదనీ డాక్టరు చెప్పాడు.

ముసలావిడ కోలుకుంది. కొడుకును ఒక్క మాటా అనలేదు. భార్య కూడా అనలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. అంతకుముందు ఆయన ప్రమాదం లేదంటే ఆవిడ వాదించేది, దెప్పేది, కంచం కాస్త గట్టిగా పెట్టేది. ఇప్పుడు "అలాగా" అని, లేచి వెళ్ళి తన కళ్ళతో చూసుకుని వస్తోంది. మొగుడి మాట పట్టించుకోని భార్యలు లోకంలో కోకొల్లలు, అదేం వింత కాదు. కానీ ఇంత మర్యాదగా పట్టించుకోకపోవడం మాత్రం ఆయనను లోలోపల కోసేస్తోంది.

ఇలా ఉండగా లారీల దారి ఖరారైంది. అది వాళ్ళ ఊరి మీదుగానే, సరిగ్గా చెప్పాలంటే వాళ్ళ వీధిలోంచే పోతుంది. ఆఫీసులోని పెద్దసారు ఆయనను పిలిపించాడు. పెద్దసారు గొంతు దాకా గుండీలు బిగించుకునే మనిషి, మాటలు కూడా అలాగే బిగించి వదులుతాడు. ఊరంతా ఒక చోట చేరి చేతులెత్తి ఒప్పుకుంటే తప్ప ఆ దారిన లారీ కదలదనీ, ఆ రోజు అందరి కళ్ళూ వక్త మీద కాక వక్త భార్య మీద ఉంటాయనీ, ఆవిడ చెయ్యి లేవకపోతే ఊళ్ళో ఒక్క చెయ్యీ లేవదనీ చెప్పాడు. అందులో ఆయనకు తెలియనిదేమీ లేదు. అయినా ఇంటికొచ్చి భార్యకు మొత్తం చెప్పాడు.

భార్య అంతా విని నెమ్మదిగా చెప్పింది. "ఆ రోజు వచ్చి కూర్చుంటానండీ. మీరు చెప్పింది వింటాను. నమ్మకం కుదిరితే ఎత్తుతాను. మొగుడు కదాని మాత్రం ఎత్తను."

ఆ జవాబుకు ఆయన నొచ్చుకోలేదు. నమ్మకం కుదిరితే అన్నది కదా, కుదరదు అనలేదు కదా అని దాన్నే పట్టుకుని వేలాడాడు. ఆ చెయ్యి ఒక్కటి లేస్తే చాలు, లారీలు పోయినా పోకపోయినా ఒకటే అనిపించింది. అయితే ఆ మాట పెద్దసారుతో అనలేం కదా.

ఆలోచించగా ఆలోచించగా ఆయనకొక ఉపాయం తట్టింది. ఆవిడ అడగదలచుకున్నవన్నీ ముందే ఇంట్లో అడిగించేసి, ముందే జవాబులు చెప్పేసుకుంటే సభనాటికి ఆవిడ దగ్గర అనుమానాలే మిగలవు. ఆయన పప్పులో కాలేసింది ఇక్కడే. సాయంత్రం టీలయ్యాక ముందుగదిలో కుర్చీలు వరసగా వేయించి, మీరంతా ఊరి జనం అనుకోండి, నేను వక్తను, ఎంత కటువుగా అడుగుతారో అడగండి అన్నాడు. జనం అంటే ముగ్గురే. భార్య, తల్లి, ఎదురింట్లో ఉండే బావమరిది.

భార్య సంగతి ముందు చెప్పాలి. ఆవిడ ఊరి నీళ్ళ ఆఫీసులో ఫిర్యాదుల గదిలో పనిచేస్తుంది. నీళ్ళు రాలేదని ఒకరు, వచ్చాయి గానీ బురదగా ఉన్నాయని ఒకరు, పక్కింటికి వచ్చాయి మాకు రాలేదని మరొకరు, పగలంతా కిటికీలోంచి తల దూర్చి అరుస్తూనే ఉంటారు. ఆవిడ ఓపికగా "చూస్తామండీ" అనాలి. అంతకాలంగా అందరి కేకలూ మింగి ఊరుకున్న మనిషిని పిలిచి, ఇప్పుడు నువ్వు అరిచెయ్, నేను ఓపిగ్గా వింటాను అంటే ఊరుకుంటుందా? కొంగు బిగించి లేచింది. రోజూ "ఏమండీ, మీరు" అనే ఆవిడ నోట మొదటిసారి వేరే పిలుపు వచ్చింది.

"ఏమయ్యా ఆఫీసరూ, పీపా మహా గట్టిదంటున్నావు. వంతెన మీంచి పడితే?"

పైనుంచి ఇనుప మేకు మీదకు పడేసి చూశామనీ, మంటల్లో కాల్చామనీ, నీళ్ళలో ముంచామనీ, చెక్కు చెదరలేదనీ ఆయన చెప్పాడు. ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుంది.

"పడేసిందీ కాల్చిందీ ముంచిందీ ఒకే పీపానా, మూడు పీపాలా?"

కనుక్కుని చెబుతానన్నాడు ఆయన. ఇన్ని ఊళ్ళు తిరిగాడు గానీ ఆ మాట అడిగినవాడు లేడు. మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళి కనుక్కున్నాడు. పడేసినదాన్నే తెచ్చి కాల్చారట, ఆ తర్వాత దాన్నే ముంచారట. ఆ సంగతి చెప్పడానికి సాయంత్రం దాకా ఆగలేక నీళ్ళ ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్ళి చెప్పాడు. ఆవిడ ఆయన వెనక వరసలో ఉన్నవాళ్ళను చూపించి "చూస్తామండీ" అంది.

తల్లి పాడి రైతు వేషం కట్టింది. ఆవిడ జన్మలో ఆవును పెంచి ఎరగదు. అయినా మొదటి రోజే ఆవు కావాలని పట్టుబట్టింది. కన్నకొడుకును మీరు అని పిలవడం మొదలుపెట్టింది.

"దొరగారూ, నా ఆవు మీ లారీ పోయే బాట పక్కనే మేస్తుంది. పాలు తగ్గితే ఎవరిదండీ పూచీ?"

కన్నతల్లి నోట దొరగారూ అనే మాట వినేసరికి ఆయనకు ఒళ్ళు గగుర్పొడిచింది. "అమ్మా, మనకు ఆవెక్కడిది?" అన్నాడు. సభలో ఎవరైనా ఆవు గురించి అడిగితే నీకు ఆవే లేదు పొమ్మంటావా అని కోడలు వెంటనే అత్తగారికి వత్తాసు పలికింది. ఉప్పు ఎక్కువైందనీ తక్కువైందనీ ఏనాడూ ఒక్క మాట మీద ఉండని అత్తాకోడళ్ళు ఆ ముందుగదిలో ఏకమైపోయారు. ఆవుకు రోజురోజుకూ వివరాలు పుట్టుకొచ్చాయి. నల్ల మచ్చలు వచ్చాయి, కుడి కొమ్ము కాస్త వంకర తిరిగింది, కొన్నాళ్ళకు చూలు కూడా కట్టింది. తల్లి బుగ్గల్లోకి మళ్ళీ రంగు వచ్చింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆవిడ అంత హుషారుగా ఉండటం అదే మొదలు. అందుకే ఆయన ఆవును పల్లెత్తు మాట అనలేకపోయాడు.

ఇక బావమరిది. అతనికి బజారులో సెలూన్ ఉంది. విలేకరి వేషం తనకిమ్మని అడిగి తీసుకున్నాడు. దువ్వెన మైకులా పట్టుకుని బావ ముక్కు కింద పెట్టి, "సార్, మీరు నిజం చెబుతున్నట్టు మాకెందుకు అనిపించడం లేదంటారు?" అని అడిగేవాడు. అతను అడిగేవి అంత గొప్ప ప్రశ్నలు కావు. కానీ అతని వల్ల జరిగిన చేటు వేరే ఉంది. పగలంతా గడ్డాలు గీస్తూ, మనిషి మెడ దగ్గర కత్తి పెట్టి, నిన్న సాయంత్రం అక్కయ్య బావను ఎలా ఉతికి ఆరేసిందో పూసగుచ్చినట్టు చెప్పేవాడు. మెడ మీద కత్తి ఉన్నవాడు శ్రద్ధగా వినక ఏం చేస్తాడు?

పెద్ద సభకు ముందు వీధివీధిలో చిన్న సభలు పెట్టారు. మొదటి సభలో సైకిల్ షాపు ఆయన లేచి, పడేసిందీ కాల్చిందీ ఒకే పీపానా అని అడిగాడు. మన ఊరివాళ్ళు ఇంత తెలివైనవాళ్ళా అని ప్రమాదంలేదుగారు ముచ్చటపడి టకటకా జవాబు చెప్పాడు. పెద్దసారు మొహం వెలిగిపోయింది. రెండో సభలో ఒక టైలరు లేచి, లారీ పంక్చరైతే టైరు మార్చేవాడికి జీతం ఎక్కువ ఇస్తారా అని అడిగాడు. అది అచ్చంగా భార్య ప్రశ్న, ఆవిడ మాటల్లోనే ఉంది. మూడో సభలో పళ్ళ దుకాణం ఆవిడ లేచి, "ఆ నల్ల మచ్చల ఆవు సంగతేమిటి బాబూ, చూలుతో ఉందట కదా?" అంది. ఆయన బావమరిది వైపు చూశాడు. బావమరిది శ్రద్ధగా దువ్వెన తుడుచుకుంటున్నాడు.

తను నూరిన కత్తే తన మెడ మీదకు వచ్చిందని ఆయనకు అప్పుడు అర్థమైంది. అయినా ఏం చేయగలడు? ఆవు ఊరంతా తిరిగి పై ఆఫీసు దాకా వెళ్ళిపోయింది. ఊరివాళ్ళకు పశువుల విషయంలో బెంగగా ఉందని పెద్దసారు పైకి రాశాడు. పైవాళ్ళు రంగుల పోస్టరు అచ్చేసి పంపారు. అందులో లారీ పక్కన ఒక ఆవు నవ్వుతూ నిలబడి ఉంది. అంతటితో ఆగక చూలు ఆవును పరీక్షించి రమ్మని పశువుల డాక్టరును కూడా పంపారు. ఆ డాక్టరు పాపం సంచీ పట్టుకుని ఇంటికి వచ్చి, ఆవు ఏదమ్మా అని అడిగాడు. తల్లి గుమ్మంలో నిలబడి తొణకకుండా మేతకు వెళ్ళిందని చెప్పింది. టీ ఇచ్చి, కీళ్ళ నొప్పులకు మందేమైనా ఉందా అని అడిగి పంపించింది.

పెద్ద సభకు వారం ఉందనగా రోడ్లు కొలిచే ఇంజనీరు ఆఫీసుకు వచ్చాడు. ప్రమాదంలేదుగారిని వరండాలోకి పిలిచి, మీ వీధిలో ఒక చిక్కుందండీ అన్నాడు. పీపా బరువూ దాన్ని మోసే బండి బరువూ కలిపితే వంద టన్నులు దాటుతుంది. వీధి కింద ఊరికంతటికీ నీళ్ళిచ్చే పెద్ద గొట్టం ఉంది. తాతల కాలం నాటిది, పైగా లోతుగా కూడా లేదు. బండి మొదటిసారి పోయినప్పుడు పగలకపోవచ్చు, రెండోసారి పగలచ్చు. పగిలితే రోడ్డు కుంగుతుంది, బండి ఒరుగుతుంది. పీపాకు ఏమీ కాదు, అది అంతకన్నా పెద్ద దెబ్బలు తిన్నదే. కానీ ఊరికి మాత్రం రోజుల తరబడి చుక్క నీళ్ళుండవు.

 ఆయన పరుగున వెళ్ళి పెద్దసారుకు చెప్పాడు. మన పని రేడియేషన్ గురించి చెప్పడం, గొట్టాల గురించి కాదని పెద్దసారు తేల్చేశాడు. జనం అడగని దానికి జవాబు చెప్పడం ఏ శాస్త్రంలో ఉందని కూడా అడిగాడు. అదీ నిజమే. ఇన్ని సాయంత్రాలు ఇన్ని ప్రశ్నలడిగిన జనంలో ఒక్కరూ నీళ్ళ ఊసెత్తలేదు. నీళ్ళ ఆఫీసులో పనిచేసే ఆవిడ కూడా ఎత్తలేదు. కంటికి కనబడని దాని గురించి అంతా ఎంత దిగులు పడ్డారంటే, కాళ్ళ కింద ఉన్నది ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ సాయంత్రం ముందుగదిలో కుర్చీలు మామూలుగానే పడ్డాయి. ఆయన మంచినీళ్ళ గ్లాసు ఎత్తి, నీళ్ళు చూసి, పొలమారి దగ్గాడు. "ఏమయ్యా ఆఫీసరూ, చెమటలేమిటి?" అని భార్య వేషంలోనే అడిగింది. ఉక్కపోత అన్నాడు. ఫ్యాను తలమీదే తిరుగుతోంది. ఆవిడ వేషం తీసేసింది. కొంగు సర్దుకుని దగ్గరికి వచ్చింది.

"ఏమండీ, ఏమైనా ఉందా?"

చెప్పేయాలని మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ మొహంలోకి చూశాడు. చాలాకాలం తర్వాత ఆవిడ తనను ఏదో అడుగుతోంది. జవాబు కోసం ఆగింది కూడా. అయినా ఆ పాడు నోరు అలవాటు మానుకుంటుందా? "అబ్బే, ఏం లేదు. ప్రమాదం ఏమీ లేదు" అనేసింది.

"అలాగా" అంది ఆవిడ. కుర్చీ తీసి గోడవారగా పెట్టింది. ఆ తర్వాత రోజూ ఆఫీసు పని ఉందంటూ సాయంత్రాలు ఆ గదిలోకి రాలేదు. కోడలు లేకపోయేసరికి అత్తగారూ ఆవును తోలుకుని లోపలికి వెళ్ళిపోయింది. బావమరిది దువ్వెనతో ఒక్కడూ కాసేపు కూర్చుని వెళ్ళేవాడు.

సభ బడి హాల్లో పెట్టారు. పిల్లల బెంచీలు కావడంతో పెద్దవాళ్ళ మోకాళ్ళు గడ్డాలకు తగులుతున్నాయి. గోడ మీద పోస్టర్లో ఆవు నవ్వుతోంది. అది మన ఆవు కాదు, దానికి కొమ్ము వంకర లేదని తల్లి పక్కావిడకు చెబుతోంది. ముందు వరసలో పెద్దసారు, గుండీలు అన్నీ పెట్టుకుని. మూడో వరసలో భార్య, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

ఆయన మొదలుపెట్టాడు. ఊరు అడిగింది, ఆయన చెప్పాడు. లారీ పక్కన నిలబడితే ఎంత రేడియేషన్ తగులుతుంది, పంటి ఎక్స్‌రే కన్నా తక్కువ. దొంగలు ఎత్తుకుపోతే, అంత బరువు ఎత్తగల దొంగ ఇంకా పుట్టలేదు. సొరంగంలోకి నీరు దిగితే, దిగని రాయి కోసమే ఇన్నేళ్ళూ వెతికారు, అయినా మట్టితోనూ రాగితోనూ మళ్ళీ కప్పుతారు. ఇక్కడే నేల మీద ఉంచుకుంటే ఏం పోయిందని ఒక ముసలాయన అడిగితే, మనం పోయాక కాపలా ఎవరు కాస్తారు తాతా అన్నాడు. ఆ జవాబు అందరికీ నచ్చింది. ముసలాయన కూడా తలూపాడు. ప్రశ్నలు తడుముకోకుండా వచ్చాయి, జవాబులూ తడుముకోకుండా వచ్చాయి. అన్నీ ముందుగదిలో ఆరితేరినవే కదా. పెద్దసారు లేచి, ఇక ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి అన్నాడు.

ఒక్క చెయ్యీ లేవలేదు. హాలు హాలంతా మూడో వరస వైపు తిరిగింది.

భార్య లేచి నిలబడింది. ఆఫీసరూ అంటుందని ఆయన కాచుకుని ఉన్నాడు. అలా అనలేదు.

"ఏమండీ" అంది.

ఆ పిలుపుకు ఆయన అలవాటుగా ఒక అడుగు ముందుకు వేశాడు.

"ఒక రోజు ఆ లారీ మన ఇంటి ముందు ఆగిపోయింది అనుకోండి. మీరు ఆఫీసులో ఉన్నారు. నేను ఫోన్ చేస్తాను. ప్రమాదం లేదంటారు. ప్రమాదం లేనప్పుడూ అదే అంటారు, ఉన్నప్పుడూ అదే అంటారు. మరి నిజంగా ఉన్న రోజు నాకెలా తెలుస్తుందండీ?"

 ముందుగదిలో ఇన్ని సాయంత్రాలు ఎన్నో అడిగింది గానీ ఈ ఒక్కటీ ఆవిడ అడగలేదు. అడగలేదు అనడం కూడా తప్పే. ఆసుపత్రి నుంచి వచ్చిన నాటి నుంచీ ఆవిడ అడుగుతున్నది ఇదొక్కటే, పైకి అనలేదంతే. ఆయన జవాబు కోసం వెతికాడు. అన్ని ఊళ్ళు తిరిగి పోగుచేసుకున్న మాటల్లో దీనికి సరిపోయేది ఒక్కటీ దొరకలేదు. పెద్దసారు దగ్గాడు. ఆయన ఆ దగ్గు విననట్టే ఊరుకున్నాడు.

"తెలియదు" అన్నాడు చివరికి. "నీకు తెలిసే దారి లేదు. అలా చేసింది నేనే." అని, "ప్రమాదం ఉంది" అన్నాడు.

ఆ మాట ఆయన నోట వినడం ఊరికది మొదటిసారి. వెనక వరసల్లో నిద్రపోతున్నవాళ్ళు కూడా లేచారు. ఆయన గొట్టం సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. బరువు చెప్పాడు, లోతు చెప్పాడు, రోజుల తరబడి నీళ్ళుండవని చెప్పాడు. వారం నుంచీ తనకు తెలుసనీ చెప్పాడు.

ఇక చూడాలి ఆ హాలు. అణువులు చీలిపోతాయంటే తలూపిన జనం, లక్షల ఏళ్ళ విషమంటే సరేనన్న జనం, కుళాయి బందంటే ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. సగం మంది మోకాళ్ళు బెంచీల్లో ఇరుక్కుని మళ్ళీ కూలబడ్డారు. పెద్దసారు చేతులు రెండూ పైకెత్తి, అదింకా నిర్ధారణ కాలేదనీ, అనవసరంగా కంగారు పడవద్దనీ, ప్రమాదం ఏమీ లేదనీ అన్నాడు. "మీరు కూర్చోండి, ఆయన్ని చెప్పనివ్వండి" అని పళ్ళ దుకాణం ఆవిడ పెద్దసారు భుజం పట్టి కూర్చోబెట్టింది.

భార్య ఇంకా నిలబడే ఉంది. ఆవిడ మొహం ఎర్రబడింది. ఆ గొట్టం మీద వచ్చే ఫిర్యాదులు ఊళ్ళో ఆవిడకన్నా ఎక్కువ విన్నవాళ్ళు లేరు. ఎవరి మీద కోపం వచ్చిందో, ఆయన మీదో, ఇన్నాళ్ళూ ఆ ముక్క అడగని తన మీదో తెలియదు. కిటికీ దగ్గర మనుషులను అడిగినట్టే నెమ్మదిగా, ఒక్కొక్కటిగా అడిగింది. బడి దగ్గర నుంచి వచ్చే గొట్టమేనా? అదే. మార్చి లోతుగా వేస్తే బండి బరువు మోస్తుందా? మోస్తుందని ఇంజనీరు అన్నాడు. రేడియేషన్ కొలిచే మీటరు లారీ వచ్చిన రోజు మీ ఆఫీసువాళ్ళ చేతిలో ఉంటుందా, మా చేతిలోనా? ఆయన తల గోక్కున్నాడు. దానికి ఇంతవరకూ ఎవరూ పద్ధతి పెట్టలేదనీ, మీ చేతిలో పెట్టమని తను అడుగుతాననీ, ఇస్తారో ఇవ్వరో మాత్రం తెలియదనీ అన్నాడు.

 "గొట్టం మార్చాక" అంది ఆవిడ. "మీటరు మా చేతికిచ్చాక. అప్పుడైతే నాకిష్టమే."

అని చెయ్యెత్తింది.

ఆ తర్వాత చేతులు ఒకటొకటిగా మొదలై గుంపులుగా లేచాయి. గొట్టం మార్చాకే అని ప్రతివాడూ పైకి అరిచి మరీ ఎత్తాడు. ఎత్తనివాళ్ళూ ఉన్నారు, సైకిల్ షాపు ఆయన చివరిదాకా ఎత్తలేదు. తల్లి రెండు చేతులూ ఎత్తింది. ఒకరికి ఒకటే చెయ్యమ్మా అని లెక్కపెట్టేవాడు అంటే, రెండోది ఆవుదని చెప్పింది. ప్రమాదంలేదుగారు మాత్రం ఇవేవీ సరిగ్గా చూడలేదు. కళ్ళు మసకబారాయి. జేబురుమాలు కోసం వెతుకుతూ అన్ని జేబులూ తడుముకున్నాడు.

హాలు ఖాళీ అవుతుండగా పెద్దసారు ఆయన దగ్గరికి వచ్చి, రేపు పొద్దున్న తొమ్మిదింటికి నా గదికి రండి అని మాత్రం అన్నాడు. పై గుండీ ఊడిపోయి ఉంది.

తల్లిని బావమరిది ముందే తీసుకుపోయాడు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ నడుచుకుంటూ బయలుదేరారు. ఎండ తగ్గుముఖం పట్టింది. వాళ్ళ వీధిలోకి తిరిగాక, గొట్టం మీదుగా నడుస్తూ, ఆవిడే ముందు మాట్లాడింది.

"ఆ రోజు అత్తయ్య చెమటలు చూసి మీకు నిజంగా తెలియలేదా?"

"తెలిసింది" అన్నాడు ఆయన. "చూడగానే తెలిసింది. ప్రమాదం లేదని అనేస్తే ఉండదేమోనని అన్నాను. అక్కడ ఉంటే ఏం వినాల్సివస్తుందోనని వెళ్ళిపోయాను. భయమేసినప్పుడే నాకా మాట వస్తుంది."

ఆవిడ నడుస్తున్నదల్లా ఆగింది. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు ఆయనను పైనుంచి కిందికి చూసింది.

"మన పెళ్ళయిన రోజు నా చెవిలో కూడా అదే అన్నారు."

"అన్నాను."

"అంత భయమేసిందా?"

"చాలా."

ఆవిడకు నవ్వొచ్చింది. ఆపుకోబోయి ఆపుకోలేకపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే నిలబడి నవ్వింది, ఆ నవ్వులోనే కళ్ళ వెంట నీళ్ళు కారాయి. "నాకూ వేసిందండీ ఆ రోజు" అంది తుడుచుకుంటూ. "ఆటోలో అత్తయ్యను ఒక్కదాన్నే పట్టుకుని కూర్చున్నాను. పక్కన మీరుండి, ధైర్యం చెప్పకపోయినా, ఊరికే భయపడుతూ కూర్చున్నా ఎంత బాగుండేది."

 ఆయన ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. ఇంటి గేటు దాకా వదల్లేదు. గేటు గడియ తీస్తూ ఆవిడ అడిగింది, "ఇప్పుడేమైనా ఉందా?"

ఆయన ఆలోచించుకుని, "ఉంది" అన్నాడు. "రేపు పెద్దసారు రమ్మన్నారు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. భయమేస్తోంది."

"ఎన్నింటికి?"

"తొమ్మిదింటికి."

"నేనూ వస్తాను" అందావిడ. "ఆయన్ని అడగాల్సినవి నా దగ్గర చాలా ఉన్నాయి."